అద్దె కోటు ఫొటో: మింగళాడోన్‌లో నేను నేర్చుకున్న స్టైల్



పోయిన ఎపిసోడ్‌లో సెలవురోజు బట్టల గురించి మాట్లాడుకున్నాం, గుర్తుందా? మధ్యలో నేను బర్మా పేరెత్తి, టైం అయిపోతోందని వదిలేశాను. దాని మీద చాలా వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. "అక్కడ ఆఫీసుకి లుంగీ కట్టుకుని వెళ్తారంట, నిజమేనా?" అని సలాలా నుంచి ఒక అన్న అడిగాడు. "మా ముత్తాత రంగంలో కూలి చేశాడంట, అక్కడ మనవాళ్లు ఇంకా ఉన్నారా?" అని జుబైల్ నుంచి ఒక తమ్ముడు. "బట్టల మీద ఆ ఖర్చేంటి, ఆ డబ్బు ఇంటికి పంపొచ్చు కదా?" అని ఇంకో ఆయన కొంచెం కోపంగానే అన్నారు.

ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా పెట్టాం. ఇది దానికి తోడు. మూడు ప్రశ్నలకీ జవాబు చెప్తాను. మూడోదానికి చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అది చివర్లో.

పరుపు కింద ఇస్త్రీ

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లె. నేను 1993లో పుట్టాను. పందొమ్మిదేళ్లకి జోర్డాన్ వెళ్లాను, గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటర్‌గా. ఒక రూములో ఎనిమిదిమందిమి. వారంలో ఆరు రోజులు ఒకటే నీలం కోటు, వీపు మీద లైన్ నెంబరు. సూపర్‌వైజర్లు పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, నెంబరుతో పిలిచేవాళ్లు.

అందుకే శుక్రవారం వస్తే నాకు పండగ. గురువారం రాత్రే ప్యాంటు మడతపెట్టి పరుపు కింద పెట్టేవాణ్ని, పొద్దున్నకి ఇస్త్రీ అయిపోయేది. జెల్ రాసి జుట్టు లేపి, కళ్లజోడు పెట్టి, రోడ్డు మీద ఎవరిదో తెల్ల కారు కనపడితే దాని పక్కన నిలబడి ఫొటో. ఆ ఫొటో ఊళ్లో అందరూ చూసేవాళ్లు. ఒకసారి అదే డ్రెస్సులో ఒక పెద్ద షాపింగ్ మాల్ దగ్గరికి వెళ్తే గేటు దగ్గర ఆపేశారు. ఎందుకో చెప్పలేదు. నా ముందు, నా వెనక వాళ్లని వదిలారు. చొక్కా కొత్తదే, బూట్లు కొత్తవే. కూలివాణ్నని ఎలా తెలిసిందో ఇప్పటికీ అర్థం కాదు. చేతులు చూశారేమో.

2017లో ఒక కంపెనీ క్వాలిటీ చెకింగ్ సూపర్‌వైజర్‌గా మింగళాడోన్ పంపింది. 2020 దాకా అక్కడే ఉన్నాను.

మంగళం లాంటి ఊరి పేరు

మింగళాడోన్ యాంగోన్ నగరానికి ఉత్తరాన ఉంటుంది. ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్టు ఉన్నది ఇక్కడే. మిలిటరీవాళ్లు ఎక్కువ, ఫ్యాక్టరీలు ఎక్కువ. బర్మావాళ్ల 'మింగళా', మన 'మంగళం' ఒకటే మాట. ఎదురుపడితే చెప్పుకునే 'మింగళాబా'లో ఉన్నదీ అదే. ఊరి పేరు వినగానే పెళ్లి మేళం గుర్తొచ్చింది నాకు.

ఊరి మీదుగా సర్క్యులర్ రైలు వెళ్తుంది. నేనున్న రోజుల్లో నగరం చుట్టూ సుమారు 46 కిలోమీటర్లు తిరిగి, మూడు గంటలకి బయల్దేరిన చోటికే వచ్చేది. ఆదివారం నా సినిమా అదే. కిటికీ పక్కన కూర్చుంటే ఆకుకూరల బుట్టలు, కోడిపిల్లలు, కొరియా సీరియల్ హీరోలా జుట్టు కత్తిరించుకున్న కుర్రాళ్లు, పింక్ బట్టల సన్యాసినులు, అందరూ అదే బోగీలో.

పొద్దున్నే వర్కర్లని ఫ్యాక్టరీకి తెచ్చే బస్సుని 'ఫెర్రీ' అంటారు. మొదటిరోజు పడవ కోసం వెతుక్కున్నాను. దాదాపు అందరూ ఆడపిల్లలే. చేతిలో స్టీలు క్యారేజీ, చెంపల మీద పసుపుపచ్చని పూత. ఆ పూత పేరు వింటే మీరు నవ్వుతారు: తనఖా. తనఖా చెట్టు బెరడుని నీళ్లతో రాతి మీద అరగదీసి రాసుకుంటారు. ఎండకి చల్లగా ఉంటుంది, ఆకులా, గుండ్రంగా రకరకాలుగా దిద్దుకుంటారు. మన ఇళ్లలో తనఖా అంటే అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి వీసాకి డబ్బు తేవడం. వాళ్లకేమో ముఖానికి రాసుకునే సింగారం. నేను మొదటి నెల ఆ మాట విన్నప్పుడల్లా ఉలిక్కిపడేవాణ్ని.

లుంగీ గురించి అడిగిన అన్నకి

అవునన్నా, నిజమే. బ్యాంకు మేనేజరూ కడతాడు, బడి పంతులూ కడతాడు, సైకిల్ రిక్షా తొక్కేవాడూ కడతాడు. మొత్తం మీద 'లోంజీ' అంటారు, మన లుంగీయే. మగవాళ్లది పసో, ఆడవాళ్లది థమెయిన్. పసో గళ్లు, చారలు. థమెయిన్‌కి పువ్వులు, అలలు. బడిపిల్లల యూనిఫాం తెల్ల చొక్కా, ఆకుపచ్చ లోంజీ.

కట్టే పద్ధతి మనకంటే కొంచెం వేరు. పసో రెండు అంచులూ కలిపి కుట్టేసి గొట్టంలా ఉంటుంది. అందులోకి దిగి, రెండు పక్కలకీ లాగి, ముందు బొడ్డు దగ్గర ముడి తిప్పి దోపాలి. ఆడవాళ్లు ముడి వెయ్యరు, పక్కకి మడిచి దోపుకుంటారు. మనలా మోకాళ్ల పైకి మడిచి కట్టుకుని బజార్లో తిరగరు. బరువు మొయ్యాలన్నా, పేము బంతితో చిన్‌లోన్ ఆడాలన్నా కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి దోపుకుంటారు, అచ్చం మన గోచీలా. నేను మొదటి ఆదివారం మా ఊరి పద్ధతిలో పైకి మడిచి టీకొట్టుకి వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు గానీ అందరూ నా మోకాళ్లే చూశారు.

ఒక సంగతి నన్ను బాగా కదిలించింది. జోర్డాన్ రూములో నేను లుంగీ కట్టుకున్న ఫొటో ఎప్పుడూ తీసుకోలేదు. 'పల్లెటూరోడు' అంటారని భయం. ఇక్కడేమో మా ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ మేనేజర్ నల్లగళ్ల పసో, తెల్లచొక్కాతో మీటింగ్‌కి వచ్చి నన్నే ప్రశ్నలు అడిగాడు. అదే గుడ్డ. ఒక దేశంలో దాచుకోవాల్సింది, ఇంకో దేశంలో పెద్దరికం. 1920ల్లో మనవాళ్లు ఖద్దరు కట్టినట్టే బర్మావాళ్లు కూడా తెల్లదొరల మీద కోపంతో చేనేత లోంజీ, పిన్నీ అనే గోధుమరంగు నేత చొక్కా పట్టుదలగా వేసుకున్నారు. ఆ పట్టుదల వల్ల కూడా ఆ గుడ్డకి అంత మర్యాద మిగిలింది.

మనవాళ్ల సంగతి అడిగిన తమ్ముడికి

మా వైపు ముసలివాళ్లు రంగూన్‌ని 'రంగం' అంటారు. బారువ, కళింగపట్నం, భీమిలి, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లెక్కి వెళ్లేవారు. మేస్త్రీ ముందు కొంత డబ్బు చేతిలో పెట్టి తీసుకెళ్లేవాడు, అక్కడ కూలిలోంచి కోసుకునేవాడు. ఇప్పటి ఏజెంటుకి తాతలాంటివాడు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లందరినీ 'కొరంగీలు' అనేవారు. 1931 లెక్కల్లో రంగూన్ జనాభా సుమారు నాలుగు లక్షలైతే అందులో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసింది, మిల్లుల్లో చేసింది, వీధులు ఊడ్చింది చాలావరకు మనవాళ్లు.

1930 మేలో రేవు కూలీలైన తెలుగువాళ్లు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల చోట బర్మావాళ్లని పెట్టుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్లు తిరిగొచ్చేసరికి బర్మావాళ్లని పొమ్మన్నాయి. 26వ తేదీన గొడవ మొదలై రోజుల తరబడి సాగింది, వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. ఇద్దరు పేదవాళ్ల మధ్య కంపెనీలు పెట్టిన చిచ్చు అది. ఆ రోజుల్లో గోచీ, తలగుడ్డ చూస్తే చాలు, దూరం నుంచే ఎవరో తెలిసిపోయేది. బట్ట వల్లే ప్రాణం మీదికి వచ్చింది.

1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. చాలామంది అడవుల్లోంచి నడిచే వచ్చారు, వేలమంది దారిలోనే పోయారు. 1960ల్లో సైనిక ప్రభుత్వం కొట్లు, వ్యాపారాలు జాతీయం చేశాక ఇంకో లక్షలమంది వచ్చేశారు. విశాఖలో కంచరపాలెం దగ్గరున్న బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే.

మింగళాడోన్ టౌన్‌షిప్‌లోనే టౌక్‌చాన్ అనే చోట యుద్ధ స్మశానం ఉంది. ఆరు వేలకు పైగా సమాధులు. సమాధి లేని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు రాతి స్తంభాల మీద చెక్కారు, వాళ్లలో ఎక్కువమంది మన దేశం వాళ్లు. ఒక ఆదివారం అక్కడ చాలాసేపు తిరిగాను. యూనిఫాం వేసుకుని పోయినవాళ్ల పేర్లు అక్కడ ఉన్నాయి. గోచీతో నడిచి పోయినవాళ్లవి లేవు.

మిగిలినవాళ్లు ఇంకా ఉన్నారు తమ్ముడూ. ఇంట్లో తెలుగు పేరు, కాగితాల మీద బర్మా పేరు. పసో కడతారు, థమెయిన్ కడతారు. భారతీయుల్ని 'కలా' అనడం మీరు అక్కడ వింటారు. శనగల్ని 'కలాపే' అంటారు, కుర్చీని 'కలాథైన్' అంటారు, అంటే కలావాళ్లు కూర్చునేది అని. వస్తువుకి అంటే ఫర్వాలేదు, మనిషికి అంటే తిట్టే.

కటింగ్ సెక్షన్ కుర్రాడి జాకెట్టు

మా కటింగ్ సెక్షన్‌లో ఇరవై రెండేళ్ల కుర్రాడు ఉండేవాడు. సోమవారం నుంచి శనివారం దాకా పసో, వంచిన తల. ఒక ఆదివారం లేడాన్ సెంటర్ దగ్గర ఎదురుపడితే గుర్తుపట్టలేదు. జుట్టు ముళ్లలా నిలబెట్టాడు, నల్ల జాకెట్టు నిండా ఇనప మొలలు, చిరిగిన ప్యాంటు. పంక్ అన్నమాట.

ఈ పంక్ సంగతి కొంచెం చెప్పాలి. 1970ల్లో బ్రిటన్, అమెరికాల్లో పనుల్లేని కుర్రాళ్ల కోపంలోంచి పెరిగిన పాట, బట్ట. బర్మాలో 1990లకే మొదలైంది. పాట రాస్తే ముందు సెన్సార్‌కి చూపించాల్సిన రోజులవి. 2007లో బౌద్ధ భిక్షువులు రోడ్ల మీదికొచ్చిన ఉద్యమాన్ని సైన్యం అణిచేశాక 'రెబల్ రయట్' అనే బ్యాండు పుట్టింది. గొంతు చించుకుని పాడే ఆ కుర్రాళ్లే యాంగోన్‌లో రోడ్డు పక్క పడుకునేవాళ్లకి అన్నం వండి పెట్టేవాళ్లు. వాళ్లని చూసి దారి తప్పుకుని వెళ్లేవాళ్లకి ఆ సంగతి తెలియదు.

అక్కడ స్టైల్‌కి ఖరీదు ఉంటుంది. 2000లో మొదటి హిప్ హాప్ ఆల్బం తెచ్చిన 'యాసిడ్' గ్రూపులో ఫ్యో జేయా థా అనే రాపర్ 2008లో జైలుకెళ్లాడు, 2012లో ఎంపీ అయ్యాడు. 2021లో సైన్యం మళ్లీ అధికారం లాక్కున్నాక, 2022 జూలైలో అతణ్ని ఉరితీశారు. అదే 2021 మార్చిలో ఆడవాళ్లు వీధులకి అడ్డంగా తాళ్లు కట్టి థమెయిన్‌లు ఆరేశారు. ఆడవాళ్ల లోంజీ కింద నుంచి నడిస్తే మగాడి తేజస్సు పోతుందని అక్కడ నమ్మకం. తుపాకులున్న సైనికులు ఆగి, అవి తీయించుకుని గానీ ముందుకి రాలేదు.

మా కుర్రాడి దగ్గరికి వస్తాను. టీకొట్టులో కూర్చున్నాం. అక్కడ సర్వర్‌ని పిలవాలంటే పెదాలతో ముద్దు పెట్టినట్టు చప్పుడు చెయ్యాలి, అదే మర్యాద! వచ్చీరాని బర్మీస్‌లో అడిగాను, ఇదంతా ఎందుకురా అని. 2018లో అక్కడ కనీస కూలి రోజుకి 4,800 చాట్‌లుగా పెట్టారు, అప్పుడు అదే ఉండేది. ఆ జాకెట్టు గుడ్డ, మొలలు కొనడానికి ఎన్ని రోజుల కూలి పోసి ఉంటాడు?

వాడు చెప్పింది నా తెలుగులో చెప్తాను: "రోజంతా కాలర్లే కోస్తాను. మూడేళ్లయింది. ఒక్క చొక్కా కూడా మొదటి నుంచి చివరి దాకా నా చేతిలో తయారవలేదు. ఈ జాకెట్టు మాత్రం అంతా నేనే కుట్టాను."

మన ఫ్యాక్టరీ పని అదే కదా. ఒకడు కాలర్, ఒకడు కఫ్, ఒకడు బొత్తం. కట్టడం పనైనా అంతే, ఆ బిల్డింగ్ మొత్తం ఎవరిదీ కాదు. కోపంగా అడిగిన అన్నగారికి నా సగం జవాబు ఇది. ఏడో రోజు బట్టల మీద ఖర్చు అంతా దుబారా కాదన్నా. ఆరు రోజులు నెంబరుగా బతికినవాడు ఒకరోజు పేరుతో బతకడానికి పెట్టే ఖర్చు అది.

మిగతా సగం జవాబు

ఆదివారం బజార్లో వడలు, శనగలు అమ్మే ఒక మామ్మ ఉండేది. పువ్వుల థమెయిన్, చెంపలకి తనఖా, నుదుట కుంకుమ బొట్టు. నేను ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే విని పిలిచింది.

"ఏ ఊరు బాబూ మీది?"

"సోంపేట దగ్గర మామ్మా."

"ఉద్దానం బిడ్డవా! మా నాన్నది బారువ. నేనెప్పుడూ సూడలేదు గానీ సముద్రం ఉంటదట కదా."

ఎనభై దాటిన మనిషి, పుట్టింది బర్మాలోనే. ఆవిడ తెలుగు మా నానమ్మ తెలుగు కంటే పాతది. ఆవిడకి మా ముత్తాత ఫొటో చూపించాను. మా ఇంట్లో గోడకి వేలాడే ఫొటో, రంగం నుంచి పంపింది. నల్ల కోటు, తలపాగా, చెక్క కుర్చీ, పక్కన పూలకుండీ. మా తాత ఎప్పుడూ ఆ ఫొటో చూపించి, "మా నాన్న రంగంలో దొరలా బతికాడు" అనేవాడు. నా స్టైల్ పిచ్చికి ఆ ఫొటో కూడా ఒక కారణం.

మామ్మ కళ్లద్దాలు తుడుచుకుని చూసి నవ్వింది. "స్టూడియోవోడి కోటు బాబూ ఇది. మా నాన్న కూడా ఇలాగే దిగినాడు. కోటు ఒకటే, అందరికీ అదే. సన్నగా ఉన్నోళ్లకి ఎనకాల పిన్నులు పెట్టి బిగించేవాడట. మెడ కాడ సూడు, లోపల సొక్కా ఉందా?"

చూశాను. లేదు. ఇరవై ఐదేళ్లు చూసిన ఫొటోలో నాకు కనపడనిది అది.

మా ఇంట్లో ఇంకో మాట కూడా చెప్పుకునేవాళ్లు. ఆ ఫొటో వచ్చాక మా వీధి నుంచి ముగ్గురు కుర్రాళ్లు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని రంగం వెళ్లారు. మా ముత్తాత 1930 గొడవల తర్వాత వచ్చేశాడు. ఆ ముగ్గురిలో ఇద్దరు రాలేదు. ఈ రెండు కథలూ వేర్వేరుగా విన్నాను, ఎప్పుడూ కలిపి ఆలోచించలేదు.

ఇక నా తప్పు. 2019లో మా చిన్నాన్న కొడుకు, నా కంటే ఆరేళ్లు చిన్నవాడు, పిన్ని గొలుసు, గాజులు తనఖా పెట్టి ఒక ఏజెంటుకి లక్షా ఎనభై వేలు కట్టాడు. ఏ దేశమో చెప్పను. విజిట్ వీసా మీద పంపారు. వాడికి చెప్పిన పని లేదు, చెప్పిన జీతం లేదు. నాలుగు నెలలకి సన్నబడి తిరిగొచ్చాడు. వెళ్లేముందు నన్నెందుకు అడగలేదురా అని ఫోన్లో అరిచాను.

"అడగడమెందుకు అన్నయ్యా, నీ ఫొటోలు చూశాను కదా. బాగున్నావనుకున్నాను" అన్నాడు.

నేను పెట్టినవన్నీ ష్వెడగోన్ గోపురం ముందు కొత్త జాకెట్టు, ఎయిర్‌పోర్టు అద్దాల ముందు కళ్లజోడు, ఎవరిదో తెల్ల కారు. జోర్డాన్‌లో మాల్ గేటు దగ్గర ఆపిన సంగతి చెప్పలేదు. రెండు నెలలు జీతం ఆలస్యమైన సంగతి చెప్పలేదు. నా ఒంటి మీద ఉన్నది కూడా స్టూడియో కోటే. కాకపోతే వెనక పిన్నులు నేనే పెట్టుకున్నాను.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే

స్టైల్ మానలేదు. ఇప్పుడు మళ్లీ జోర్డాన్‌లో ఉన్నాను, శుక్రవారం మధ్యాహ్నం మీకు ఎదురుపడితే నేను చెప్పకపోయినా గుర్తుపడతారు. కానీ మూడు పద్ధతులు పెట్టుకున్నాను, పనికొస్తే మీరూ చూడండి.

మొదటిది, ఫొటో పెట్టిన వారమే రూము ఫొటో కూడా ఇంటికి పంపుతాను. మంచం, పరుపు, వంటగిన్నె. అమ్మ మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు, "ఆ దుప్పటి మార్చరా" అంటోంది.

రెండోది, ఊరి నుంచి ఎవరైనా కుర్రాడు "ఎలా రావాలన్నా?" అని అడిగితే ముందు నా జీతం ఎంతో, చేతికి ఎంత మిగులుతుందో అంకెలతో చెప్తాను. ఏజెంటుకి ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూడమంటాను. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకంటే ఎక్కువ అడిగినా, పనికి విజిట్ వీసా అన్నా, అక్కడితో ఆగిపోమంటాను.

మూడోది, వెళ్లిన దేశంలో ఒంటి మీద ఏముంటే ఏమనుకుంటారో ముందే తెలుసుకుంటాను. బర్మాలో గుడికి చెప్పులే కాదు, సాక్సు కూడా విప్పాలి. కాలి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని 2016లో ఒక స్పెయిన్ టూరిస్టుని వెనక్కి పంపేశారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న బుద్ధుడి బొమ్మతో బార్‌కి ప్రకటన వేసినందుకు 2015లో ఒక న్యూజిలాండ్ అతనికీ, ఇద్దరు బర్మావాళ్లకీ రెండున్నరేళ్లు జైలు వేశారు. మనకి సరదా అనిపించింది ఇంకొకరికి గాయం కావచ్చు. సరదా చేసేముందు పక్కవాణ్ని అడగండి.

మా తమ్ముడు ఇప్పుడు విశాఖలో ఏసీ మెకానిక్ పని నేర్చుకుని చేస్తున్నాడు. పిన్ని గొలుసు విడిపించాం, గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. సగం అసలు నేను కడుతున్నాను. పోయిన సంక్రాంతికి వాడికి మింగళాడోన్ బజార్లో కొన్న నల్లగళ్ల పసో ఇచ్చాను. కట్టడం రాక రెండుసార్లు జారింది, ఇంటిల్లిపాదీ నవ్వారు. ముత్తాత ఫొటో కిందే నిలబడి ఇద్దరం పసోల్లో ఫొటో దిగాం. అది మాత్రం ఎవరికైనా పంపుతాను.

వచ్చే ఎపిసోడ్‌కి మీ దగ్గర నుంచి ఒకటి కావాలి. మీరు ఇంటికి పంపిన ఫొటోల్లో అన్నిటికంటే స్టైల్‌గా ఉన్నది తీసి చూడండి. ఆరోజు జేబులో ఎంత ఉంది, కడుపులో ఏముంది, ఒంటి మీదున్నది ఎవరిది? రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు చెప్పక్కర్లేదు. ఊరు చెప్తే చాలు.